డ్రిప్ చాంబర్లు, బ్యూరెట్టు, కార్టిసాల్ నాబ్: ఒక ప్రాజెక్టు డైరీ

మే చివరి వారం

గుంటూరులో నర్సింగ్ పిల్లలకి ఫిజియాలజీ చెప్పే మా వదిన అప్పజెప్పిన పని ఇది. కడుపులో బిడ్డకి ఆక్సిజన్ తగ్గితే ఒంట్లో ఏమేం జరుగుతాయో బల్లమీద కదిలిస్తూ చూపించే మోడల్ కావాలన్నారు. "చార్టులో బాణాలు కదలవు కదయ్యా. ఏది ముందు, ఏది వెనక, ఎంతసేపు అన్నది పిల్లలకి ఎక్కట్లేదు" అని ఆవిడ బాధ. నేను విజయవాడలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చెప్తాను. కాలేజీకి సెలవులు, ఇంట్లో ఆర్డ్యునో బోర్డులు (ప్రోగ్రాం రాసి మోటార్లు, సెన్సర్లు నడిపే చిన్న సర్క్యూట్లు) ఖాళీగా పడున్నాయి. సరేనన్నాను.

షరతు ఒక్కటే పెట్టారు. రెండు నాబ్‌లు ఉండాలి: ఒకటి ఆక్సిజన్‌ది, ఇంకోటి కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోనుది. రెండో నాబ్ తిప్పితే, మొదటి నాబ్‌కి బిడ్డ ఇచ్చే జవాబే మారిపోవాలి. స్ట్రెస్ హార్మోను అనగానే మనకి ఆపదలో మోగే అలారం గుర్తొస్తుంది. వదిన చెప్పేదేంటంటే, మోగడం దాని పనిలో చిన్న భాగం. ముందుముందు అలారం ఎంత గట్టిగా, ఎంతసేపు మోగాలో ముందే సర్దిపెట్టడం పెద్ద భాగం. మోడల్ చూపించాల్సింది ఆ రెండోదాన్ని.

అంకెలకి ఆధారం చాలావరకు గొర్రెలే. మనుషుల్లో కడుపులో ఉన్న బిడ్డ రక్తనాళంలోకి గొట్టం పంపి గంటలతరబడి కొలవలేం. గొర్రె పిండం సైజులో మన బిడ్డకి దగ్గరగా ఉంటుంది, తల్లి గొర్రె మెలకువగా నిలబడి మేస్తుండగానే కొలతలు తీయొచ్చు. దానికి నెలలు నిండటం అంటే సుమారు 147 రోజులు. వదిన ఇచ్చిన పేపర్ల కట్టలో సగం గొర్రెలవే.

జూన్ మొదటి వారం: గొట్టాలు

మొదట ఫ్లో సెన్సర్లు కొందామనుకున్నాం. మార్కెట్లో చవగ్గా దొరికేవి నిమిషానికి లీటర్లలో కొలుస్తాయి. మనకి కావాల్సింది నిమిషానికి కొద్ది మిల్లీలీటర్లు. దీనికి వదిన చెప్పిన ఉపాయం నాకు భలే నచ్చింది: సెలైన్ సెట్టు వాడేయమన్నారు. మామూలు సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. నర్సింగ్ పిల్లలకి చుక్కలు లెక్కపెట్టడం రోజూ ఉండే పనే. మెదడుకి వెళ్ళే రక్తం పెరిగిందా తగ్గిందా అన్నది డ్రిప్ చాంబర్లో కళ్ళకే కనబడుతుంది.

గుంటూరు కొత్తపేటలో సర్జికల్ షాపులకి కొదవ లేదు. ఐవీ సెట్లు, త్రీ-వే స్టాప్‌కాక్‌లు, టేపు అక్కడే తీసుకున్నాం. కెమిస్ట్రీ ల్యాబులో కింది కుళాయి విరిగి మూలన పడేసిన 50 మిల్లీలీటర్ల బ్యూరెట్టు (గీతలున్న పొడుగు గాజు గొట్టం) ఒకటి అడిగి తెచ్చాను. అదే బిడ్డ రక్తపోటు. ఎలాగంటే, చిన్న పెరిస్టాల్టిక్ పంపు కింది తొట్టిలోంచి రంగునీళ్ళని ఒకే వేగంతో బ్యూరెట్టు పైకి ఎక్కిస్తుంది. అడుగునుంచి మూడు దార్లు: మెదడు, ఒళ్ళు (కాళ్ళు, పేగులు, చర్మం కలిపి), మావి. ఒక్కో దారిమీద ఒక సర్వో మోటారు గొట్టాన్ని నొక్కుతుంది, తర్వాత డ్రిప్ చాంబరు, మళ్ళీ తొట్టి. పైనుంచి వచ్చేది మారదు కాబట్టి, ఒళ్ళు దారిని నొక్కితే నీళ్ళకి వెళ్ళే చోటు తగ్గి బ్యూరెట్టులో మట్టం పైకి లేస్తుంది. మట్టం లేస్తే మిగతా రెండు దార్లలో చుక్కలు జోరందుకుంటాయి. నాళాలు బిగిస్తే రక్తపోటు ఎందుకు పెరుగుతుందో మళ్ళీ వేరే చెప్పక్కర్లేదు.

నీలం రంగు చిన్న సర్వోలు గొట్టాన్ని పూర్తిగా నొక్కలేక వణుకుతాయి. లోహపు పళ్ళున్న ఎంజీ996ఆర్ పెట్టాక సరిపోయింది. చప్పుడు మాత్రం మిక్సీకి పోటీ.

పీవీసీ గొట్టం ఇంకో తలనొప్పి. రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. పొద్దున సరిచేసిన చుక్కల లెక్క మధ్యాహ్నం మూడింటికి చెల్లేది కాదు. వేడికి గొట్టం మెత్తబడుతుంది, నీళ్ళు కూడా పలచబడతాయి. ఒక్కో డిగ్రీకి నీటి చిక్కదనం సుమారు 2 శాతం తగ్గుతుంది, పది డిగ్రీల తేడా అంటే చిన్నదేం కాదు. పైగా ఒకేచోట గంటసేపు నొక్కితే పీవీసీ ఆ గుంట మర్చిపోదు. సర్వో నొక్కే చోట మాత్రం రెండంగుళాల సిలికాన్ ముక్క అతికించాం. ఉష్ణోగ్రత సెన్సరు ఒకటి తొట్టిలో వేసి, లెక్కని దాన్నిబట్టి సవరించుకునేలా ప్రోగ్రాం రాశాను.

మా అమ్మ హాల్లోకి వచ్చి చూసి, "ఇంట్లో సెలైన్ స్టాండు ఏంట్రా, మంచి శకునమేనా?" అంది. స్టాండుకి పసుపు, కుంకుమ పెట్టాక గానీ ఊరుకోలేదు. ఆ బొట్టు ఇంకా దానికి ఉంది.

జూన్ రెండో వారం: సున్నా ఎక్కడ పెట్టాలి

ఆక్సిజన్ నాబ్‌కి మామూలు స్థితి ఎంత? మన ధమనుల్లో ఆక్సిజన్ పీడనం 95 మిల్లీమీటర్ల మెర్క్యురీ చుట్టుపక్కల ఉంటుంది. గర్భంలో గొర్రెపిల్ల ధమనిలో అది సుమారు 22, 23. అంటే ఏ ఇబ్బందీ లేని బిడ్డ కూడా మనకి ప్రాణం మీదికొచ్చే అంకెలోనే హాయిగా పెరుగుతుంది. గర్భంలోని ఈ స్థితిని ఎవరెస్టు శిఖరంతో పోల్చే మాట ఒకటి ఉంది, కేంబ్రిడ్జి ఫిజియాలజిస్టు జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ పేరుమీద చెప్తారు.

బిడ్డ అలా ఎలా నెట్టుకొస్తుంది? పిండ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. సగం నిండటానికి పెద్దవాళ్ళ హిమోగ్లోబిన్‌కి 26, 27 మిల్లీమీటర్లు కావాలి, పిండానిదానికి 19, 20 చాలు. హిమోగ్లోబిన్ మోతాదూ ఎక్కువే, ఒంటి బరువుతో పోలిస్తే గుండె పంపే రక్తమూ ఎక్కువే. అందుకని నాబ్‌ని కుడి చివర 23 దగ్గర, ఎడమ చివర 12 దగ్గర ఆపాను. గొర్రెల ప్రయోగాల్లో తల్లికి ఆక్సిజన్ తక్కువున్న గాలి పీల్పించి పిండాన్ని దించేది కూడా ఇంచుమించు ఆ 12, 13కే, సాధారణంగా గంటసేపు. క్లాసులో గంట ఆగలేం కాబట్టి ఒక గంటని ఆరు నిమిషాలకి కుదించాం.

నాబ్ మీద "నార్మల్" అని రాయొద్దన్నారు వదిన. 23 అన్న అంకె చూసి పిల్లలు ఉలిక్కిపడాలట. ఆ ఉలికిపాటుతోనే పాఠం మొదలుపెడతారట.

జూన్ మూడో వారం: మొదటి నిమిషం

ఆక్సిజన్ పడిపోగానే ముందు పలికేది నరాలు. మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట ఆక్సిజన్‌ని పసిగట్టే కణాలుంటాయి. కబురు మెదడు కాండానికి వెళ్ళి, రెండు దార్లలో తిరిగొస్తుంది. వేగస్ నరం గుండెని నెమ్మదింపజేస్తుంది, సింపథెటిక్ నరాలు ఒంటి నాళాలని బిగిస్తాయి. 1993లో డీనో జుస్సానీ, మార్క్ హాన్సన్ బృందం గొర్రె పిండాల్లో కెరోటిడ్ దగ్గరి నరాలు తెంచి చూస్తే, ఆక్సిజన్ తగ్గినా గుండె వెంటనే నెమ్మదించలేదు, కాళ్ళ నాళాలు మొదట్లో బిగుసుకోలేదు. నరాలున్న పిండానికి వేగస్ ప్రభావాన్ని అడ్డుకునే ఆట్రోపిన్ మందు ఇచ్చినా గుండె నెమ్మదించడం ఆగిపోతుంది.

ఆక్సిజన్ తగ్గితే మనకి గుండె దడదడలాడుతుంది, ఎగశ్వాస వస్తుంది. కడుపులో బిడ్డకి రెండూ తలకిందులు. గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి తీస్తున్నట్టు చేసే కదలికలు ఆగిపోతాయి. ఊపిరితిత్తుల్లో ఉన్నది ద్రవం, ఆక్సిజన్ వచ్చేది మావి నుంచి. ఆ కదలికలకి ఖర్చుపెట్టడం దండగ. గుండె నెమ్మదిస్తే దాని సొంత ఖర్చూ తగ్గుతుంది.

గుండె చప్పుడుని పంపుతో కాకుండా చిన్న స్పీకరుతో ఇచ్చాను. పంపుని నిమిషానికి 140 సార్లు ఆపి ఆపి కొట్టిస్తే గొట్టాల్లో అలలు లేచి చుక్కల లెక్క చెడుతుంది. స్పీకర్లో, ఆస్పత్రిలో బిడ్డ గుండె వినిపించే డాప్లర్ మిషను మాదిరి టక్‌టక్ శబ్దం, పక్కన ఎర్ర ఎల్‌ఈడీ. గర్భస్థ శిశువు గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటుంది. నాబ్ ఎడమకి తిప్పగానే 140 నుంచి గబగబా 100 కిందికి దిగుతుంది. చెవులతో వినడం ఎంత బలంగా తగులుతుందో ఆ రాత్రి తెలిసింది. పక్కింటాయన తలుపు కొట్టి "ఏమండీ, ఎవరికైనా బాలేదా?" అని అడిగారు.

జూన్ ఆఖరు: హార్మోన్లు వరసలో రావాలి

నరాల పని క్షణాల్లో అయిపోతుంది. బిగిసిన నాళాలని బిగిసినట్టే ఉంచేది హార్మోన్లు. అడ్రినల్ గ్రంథి నుంచి అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్, పిట్యూటరీ నుంచి వాసోప్రెసిన్, వీటితోపాటు యాంజియోటెన్సిన్. గర్భస్థ శిశువులో నార్‌అడ్రినలిన్‌దే పైచేయి. నాళాలు మరీ బిగిసిపోకుండా ఎదురు లాగేది నైట్రిక్ ఆక్సైడ్. మోడల్లో దాన్ని ఒక స్థిరమైన అంకెగా పెట్టేసి ముందుకెళ్ళాం, లేకపోతే ఇది ఎప్పటికీ తెమలదు.

అడ్రినలిన్ రెండో పని గుండెని మళ్ళీ లేపడం. నెలలు ఇంకా నిండని మామూలు పిండంలో ఆక్సిజన్ తక్కువగానే ఉన్నా, మొదట పడిన గుండె వేగం కొన్ని నిమిషాల్లో తిరిగి మామూలు వైపు వస్తుంది. వేగస్ కిందికి లాగుతుంటే అడ్రినలిన్ పైకి లాగడం దీనికి ఒక కారణం. మూడో పని, కాలేయంలో దాచిన గ్లైకోజెన్‌ని కరిగించి గ్లూకోజుగా రక్తంలోకి వదలడం. ఆ నిల్వని అక్కడ పోగేసేది ప్రసవానికి ముందు వారాల్లో పెరిగే కార్టిసాలే. ఒక హార్మోను నింపి పెడితే ఇంకోటి వచ్చి వాడుతుంది.

ప్రోగ్రాంలో ఒక్కో హార్మోనుకి రెండు అంకెలే ఇచ్చాను: ఎంత త్వరగా పెరుగుతుంది, ఎంత త్వరగా తగ్గుతుంది. కార్టిసాల్‌కి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అది మిగతా అంకెలన్నిటినీ గుణించే అంకె కావాలి.

నాబ్ తిప్పకముందు చుక్కలు నిమిషానికి మెదడు 60, ఒళ్ళు 160, మావి 160, బ్యూరెట్టు మట్టం అడుగునుంచి లెక్కపెడితే 30 గీత దగ్గర. తిప్పి ఉంచితే ఒళ్ళు 60కి పడిపోయి, మెదడు 110కి, మావి 190కి చేరి, మట్టం 36కి లేచింది. గుండె నెమ్మదించినందుకు పంపుని కూడా కాస్త తగ్గించాం. ఒళ్ళు చాంబర్లో చుక్క వేలాడుతూ, వేలాడుతూ, పడదామా వద్దా అన్నట్టు సాగుతుంటే పక్క చాంబర్లో మెదడు చుక్కలు టపటపా రాలుతున్నాయి. డాక్టర్లు రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానులో మెదడు ధమనిని, బొడ్డుతాడు ధమనిని పోల్చి చూసేది ఈ మళ్ళింపు కోసమే.

జులై మొదటి రెండు వారాలు: రెండో నాబ్

అసలు పని ఇది. ఎక్కువ రాత్రులు దీనికే పోయాయి.

గర్భం చివరి వారాల్లో బిడ్డ సొంత అడ్రినల్ నుంచి వచ్చే కార్టిసాల్ పెరుగుతూ పోతుంది. గొర్రెల్లో ఆఖరి రోజుల్లో మరీ నిటారుగా ఎక్కుతుంది. ఊపిరితిత్తులు, కాలేయం, పేగులు బయటి బతుక్కి సిద్ధమయ్యేది దీనివల్లే. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఇచ్చే జవాబు కూడా దీంతోపాటే ముదురుతుంది. 2006లో వచ్చిన ఫ్లెచర్, జుస్సానీల గొర్రె పిండాల పేపరు వదినకి కంఠతా వచ్చు. నెలలు నిండే కొద్దీ గుండె మరింత లోతుకి పడి, పడినచోటే ఎక్కువసేపు ఉంటుంది. కాళ్ళ నాళాలు మరింత గట్టిగా బిగుస్తాయి, అడ్రినలిన్ జాతి హార్మోన్లు మరింత పెరుగుతాయి. ఈ మార్పులు ఆ పిండంలో అప్పటికే ఉన్న కార్టిసాల్ మోతాదుతో కలిసి నడిచాయి.

ఇదే జట్టు 2003లో ఇంకా నెలలు నిండని పిండాలకి డెక్సామెథసోన్ (డెక్సా, కార్టిసాల్ లాగే పనిచేసే స్టెరాయిడ్ మందు) ఎక్కిస్తూ ఆక్సిజన్ తగ్గించి చూసింది. ఉత్తప్పుడైతే కాసేపు పడి లేవాల్సిన గుండె వేగం, డెక్సా ఎక్కుతుండగా పడి అలాగే ఉండిపోయింది. పిండం వయసు మారలేదు, ఆక్సిజన్ తగ్గించడమూ అంతే. మారింది ఒంట్లో ఉన్న స్టెరాయిడ్ ఒక్కటే, కానీ గీత ఆకారమే మారిపోయింది.

ఈ రెండో నాబ్ ఎడమ చివర, అంటే స్టెరాయిడ్ తక్కువ వైపు ఉంటే, ఆక్సిజన్ తగ్గగానే గుండె వేగం పడి, కాసేపటికే తిరిగి లేస్తుంది. కుడి చివర ఉంటే పడుతుంది, ఆరు నిమిషాలూ కిందే నడుస్తుంది, ఆక్సిజన్ తిరిగిచ్చాకే లేస్తుంది. బ్యూరెట్టు మట్టం కూడా ఆక్సిజన్ తగ్గించక ముందునుంచే కొంచెం ఎత్తులో ఉంటుంది, ఎందుకంటే డెక్సా వల్ల పిండం మామూలు రక్తపోటే పెరుగుతుంది. ఈ చిన్న తేడా పెట్టమని వదిన పట్టుబట్టారు. నాకు చాదస్తం అనిపించినా పెట్టాను. పిల్లలు ముందు పట్టేసింది కూడా దాన్నే.

నాబ్ కింద ఏం రాయాలన్నదానిమీద పెద్ద చర్చ. తల్లి కార్టిసాలా, బిడ్డ కార్టిసాలా, ఇంజెక్షనా? మూడూ ఒకటి కావు. తల్లి రక్తంలో కార్టిసాల్ బిడ్డ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అదంతా దాటొచ్చేస్తే బిడ్డ పెరుగుదల దెబ్బతింటుంది. మావిలో 11-బీటా-హెచ్‌ఎస్‌డీ2 అనే ఎంజైము కాపలా ఉంటుంది. వచ్చిన కార్టిసాల్‌ని పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందుని కూడా చాలావరకు అలాగే ఆపేస్తుంది. డెక్సా, బీటామెథసోన్‌లని మాత్రం పెద్దగా మార్చలేదు, అవి నేరుగా దాటిపోతాయి. నెలలు నిండకుండా పుట్టేలా ఉన్న బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికిచ్చే ఇంజెక్షన్‌గా ఈ రెండే ఎంచుకోవడానికి కారణం అదే.

ఈ ఎంజైముకి అడ్డుపడేది మన పచారీ కొట్లోనే ఉంది: అతిమధురం. అందులోని గ్లిసరైజిన్ ఈ కాపలాని బలహీనపరుస్తుంది. దగ్గొచ్చినప్పుడల్లా అతిమధురం వేరు బుగ్గన పెట్టుకోమనే పెద్దమ్మలు మన వైపు ప్రతి ఇంటా ఉంటారు. కడుపుతో ఉన్నవాళ్ళు దాన్ని అలవాటుగా వాడకపోవడమే మంచిదని వదిన క్లాసులో గట్టిగా చెప్తారు.

"టెన్షన్ పడకమ్మా, బిడ్డకి మంచిది కాదు" అని సీమంతంలో అందరూ అనేస్తారు. ఒక్క పూట టెన్షన్‌కి మావి ఎంజైము ఉంది. తల్లి అడ్రినలిన్‌ని కూడా మావి చాలావరకు విరిచేస్తుంది. కాకపోతే తల్లి వైపు అడ్రినలిన్ గర్భాశయ నాళాలని బిగిస్తే బిడ్డకి వచ్చే రక్తమే తగ్గుతుంది, అది వేరే దారి. మూడు దార్లనీ ఒకే నాబ్‌లో కుక్కడం అన్యాయం. చివరికి నాబ్ కింద "బిడ్డ ఒంట్లో స్టెరాయిడ్" అని మాత్రమే రాశాం.

జులై మూడో వారం

వానలు. కరెంటు పోతూ వస్తూ ఉంది. పంపు ఆగితే బ్యూరెట్టు ఖాళీ అయి గొట్టాల్లో గాలి చేరుతుంది, మళ్ళీ గాలి తీయడానికి అరగంట. పాత యూపీఎస్ బ్యాటరీ ఒకటి తగిలించాం. చుక్కలు పట్టే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లకి కిటికీ వెలుతురు పడకుండా నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టాం. ఇంతకుమించి ఏం జరగలేదు.

జులై ఆఖరు: అసలు బిడ్డల గీతలు

మోడల్ గీత ఒకపక్క, నిజమైన గీత ఒకపక్క పెట్టి చూడాలనిపించింది. ఫిజియోనెట్‌లో ప్రాగ్‌లోని చెక్ టెక్నికల్ యూనివర్సిటీ, బ్ర్నో యూనివర్సిటీ ఆస్పత్రి కలిసి పెట్టిన సీటీజీ (కాన్పు సమయంలో బిడ్డ గుండె వేగాన్ని, తల్లి నొప్పుల్ని గీతలుగా రాసే పరీక్ష) రికార్డులున్నాయి. మొత్తం 552, ఎవరైనా దించుకోవచ్చు. సెకనుకి నాలుగు కొలతలు, పుట్టాక బొడ్డుతాడు రక్తం పీహెచ్ కూడా ఇచ్చారు. ఎస్‌డీ కార్డులో వేసి మా స్పీకర్లోనే వినిపించాను. నొప్పి వచ్చిన ప్రతిసారీ గుండె దిగి మళ్ళీ లేవడం అచ్చం మా మొదటి నిమిషమే.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ రికార్డులన్నీ 37 వారాలు దాటిన బిడ్డలవి. నెలలు నిండకుండా స్టెరాయిడ్ పడిన బిడ్డ ఇందులో దొరకదు. కాబట్టి ఆక్సిజన్ నాబ్‌ని వీటితో సరిచూశాం, రెండో నాబ్ గొర్రెల లెక్కమీదే నడుస్తుంది. బోర్డు మీద ఆ నాబ్ పక్కన చిన్న గొర్రె బొమ్మ గీశాను. వదిన నవ్వారు గానీ తీయమనలేదు.

ఆగస్టు: గుంటూరు

నెహ్రూ బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కాను, బ్యూరెట్టు ఒళ్ళో నిటారుగా, స్టాండు కాళ్ళ దగ్గర. కండక్టరు "ఏంటి సార్, ఆస్పత్రి మొత్తం పట్టుకెళ్తున్నారా?" అన్నాడు. స్టాండుకి కూడా టిక్కెట్టు కొడతాడేమోనని భయపడ్డాను, కొట్టలేదు.

క్లాసు బాగా నడిచింది. ముగ్గురమ్మాయిలు మూడు చాంబర్ల దగ్గర నిలబడి చుక్కలు లెక్కపెట్టి బోర్డు మీద రాస్తుంటే, సెన్సరు లెక్కకన్నా వాళ్ళ లెక్కే ఎక్కువ ఆసక్తిగా చూశారు మిగతావాళ్ళు. ఒకమ్మాయి అడిగింది: "మేడం, స్టెరాయిడ్ ఇస్తే గుండె పడి లేవట్లేదు కదా. మరి నెలలు నిండని కాన్పుకి డెక్సా ఎందుకు ఇస్తున్నాం?"

ఈ ప్రశ్న వస్తుందని వదినకి తెలుసు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండులో లిగ్గిన్స్ అనే డాక్టరు స్టెరాయిడ్ ప్రభావాన్ని 1969లో గొర్రెపిల్లల్లో చూసి, హోవీతో కలిసి 1972లో 282 మంది తల్లులతో చేసిన ట్రయల్ దగ్గర్నుంచి మొదలుపెట్టారు. స్టెరాయిడ్ పడిన బిడ్డల్లో ఊపిరితిత్తుల ఇబ్బంది, మరణాలు తగ్గాయి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రయల్ మన దేశంతోపాటు బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో జరిగింది. డెక్సా పడిన గుంపులో నెలలోపు మరణాలు 19.6 శాతం, పడని గుంపులో 23.5 శాతం. మన దగ్గర 6 మిల్లీగ్రాములు 12 గంటలకొకసారి, నాలుగు డోసులు. 2014 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పెద్దాస్పత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా మొదటి డోసు ఇవ్వొచ్చు. "ఇవ్వాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదమ్మా. ఇచ్చాక ఆ బిడ్డ గీతని ఎలా చదవాలి అన్నదే ప్రశ్న" అన్నారు వదిన.

ఇంకో అమ్మాయి, ఆస్పత్రి పోస్టింగులో ఉన్నదనుకుంటా, లేచి: "మొన్న బీటా పడిన పేషెంటు సీటీజీ రెండో రోజు చదునుగా వచ్చింది మేడం. కదలికలు కూడా తగ్గాయని ఆవిడ కంగారు పడింది. తర్వాత మామూలైపోయింది."

క్లాసంతటికీ పనికొచ్చే మాట అది. బీటామెథసోన్ పడ్డాక రెండు మూడు రోజులపాటు గుండె వేగంలోని చిన్న చిన్న హెచ్చుతగ్గులు తగ్గుతాయి, బిడ్డ కదలికలూ తగ్గుతాయి, నాలుగైదు రోజులకి మళ్ళీ వస్తాయి. 1997లో నెదర్లాండ్స్‌లో బీటానీ డెక్సానీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఈ తగ్గుదల బీటాతోనే స్పష్టంగా కనబడింది. ఆ తర్వాతి పరిశీలనల్లో డెక్సాతో ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. చదునైన గీత ఆక్సిజన్ చాలని బిడ్డలోనూ వస్తుంది. ఇంజెక్షన్ ఎప్పుడు పడిందో కేసుషీటులో చూడకుండా గీత ఒక్కటే చూస్తే, అవసరం లేని సిజేరియన్‌కి తొందరపడొచ్చు. అలాగని "ఇంజెక్షన్ వల్లేలే" అని నిజమైన ఇబ్బందిని వదిలేయకూడదు కూడా. అందుకే ఒక్క గీతతో తేల్చకుండా డాప్లర్, ఉమ్మనీరు, మళ్ళీ మళ్ళీ ట్రేసు చూస్తారు. కదలికలు తగ్గాయని తల్లి చెప్తే మాత్రం ఇంజెక్షన్ పడినా పడకపోయినా పైవాళ్ళకి చెప్పి తీరాలి. ఇది వదిన బోర్డు మీద రాసి రెండుసార్లు కింద గీత గీశారు.

తిరుగు బస్సులో మంగళగిరి దాటేలోపు నాకు ఒకటి తేలిపోయింది. ఎక్కువ, తక్కువ అని తిప్పే నాబ్ ఆ పిల్లలకి పనికిరాదు. వార్డులో ఎవరూ బిడ్డ ఒంట్లో స్టెరాయిడ్ ఎంతుందో కొలవరు. వాళ్ళ చేతిలో ఉండేది టైము: ఎన్నో వారం, ఇంజెక్షన్ పడి ఎన్ని గంటలైంది.

ఆగస్టు మూడో వారం: ఇప్పటి పరిస్థితి

కార్టిసాల్ నాబ్ పీకేశాను. దాని స్థానంలో రెండు రోటరీ స్విచ్‌లు. ఒకటి గర్భం వయసు: 28, 32, 36, 39 వారాలు. రెండోది ఇంజెక్షన్: పడలేదు, 12 గంటలు, 24, 48, 72, నాలుగు రోజులు దాటింది. లోపల లెక్క అదే, బయటి ముఖం మారింది. గొర్రె బొమ్మని వయసు స్విచ్ పక్కకి జరిపాను.

గుండె చప్పుడుకి హెచ్చుతగ్గులు కూడా చేర్చాం. ఇదివరకు గడియారంలా కొట్టేది, ఇప్పుడు మామూలప్పుడు కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. స్విచ్ 48 గంటల మీద పెడితే ఆ ఊపు తగ్గుతుంది, ఆక్సిజన్ మాత్రం 23 దగ్గరే ఉంటుంది. క్లాసులో వదిన ముందు శబ్దం మాత్రం వినిపించి, బోర్డు ముఖాన్ని అట్టతో కప్పి, "ఈ బిడ్డకి ఆక్సిజన్ అందుతోందా?" అని అడుగుతారట. ఎవరో ఒకరు "ఇంజెక్షన్ ఎప్పుడు పడింది మేడం?" అని ఎదురడిగేదాకా అట్ట తీయరట.

మిగిలిన పనుల్లో పెద్దది, నెలలతరబడి మావి సరిగా పనిచేయక ఆక్సిజన్ తక్కువగా అందే బిడ్డ. ఆ బిడ్డలో కార్టిసాల్ ముందునుంచే ఎక్కువ, మెదడుకి మళ్ళింపు ముందునుంచే నడుస్తుంటుంది, ఎదుగుదల ఒళ్ళు వైపు తగ్గి తల వైపు నిలబడుతుంది. దీనికి మావి దారిమీద నాలుగో సర్వో, ఇంకాస్త పొడుగు బ్యూరెట్టు కావాలి. సర్వో ఆర్డరు పెట్టాను. బ్యూరెట్టు కోసం కెమిస్ట్రీ ల్యాబు అసిస్టెంటుని మళ్ళీ అడిగితే, "ఈసారి పగిలింది లేదు సార్, కావాలంటే ఇండెంటు పెట్టండి" అన్నాడు.